కట్టిన చెయ్యే ఇప్పల్ల

పసుపు దారాన్ని నేను చేత్తో ముట్టుకోను. పెళ్లిళ్లలో, వ్రతాల్లో ఎవరైనా చెయ్యి చాపి కట్టమంటే ఏదో వంక చెప్పి పక్కకు తప్పుకుంటాను. మా ఆయన ఈరేష్ దీన్ని పొగరంటాడు. పొగరు కాదు, రోత. ఆ రోత నాకు ఒక్క ఎండాకాలంలో పట్టుకుంది, సుగ్గికి పోయినవాళ్లు ఊరికి తిరిగొచ్చిన రోజుల్లో.

మా పడమటి కర్నూలు పల్లెల్లో పత్తి తీసేశాక చేతికి పని ఉండదు. చలికాలంలో సగం ఊరు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతుంది. దాన్నే సుగ్గి అంటాం. ఉగాది దాటాక మూటలతో, దగ్గులతో, మంటలెత్తే వేళ్లతో లారీలు దిగుతారు. మా అత్త ఉరుకుందమ్మ ఏటా పోయేది. ఎంత వద్దన్నా వినేది కాదు, ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయనేది. ఆమె తెచ్చిన దుడ్లతోనే మొదటి వాన పడగానే మా చేనుకు విత్తనం, ఎరువు వచ్చేవి. ఊళ్లో అందరి కథా అదే. సుగ్గిలో సంపాదించి తెచ్చేది చేనులో చల్లడానికే.

నేను డిగ్రీ చదివి, మంత్రాలయం పోయే దారిలో ఉన్న ఒక పరపతి సంఘంలో పనికి కుదిరాను. మెడలో వేలాడే కార్డు మీద 'ఫైనాన్షియల్ అడ్వైజర్' అని ఉండేది. ఊళ్లో 'సలహాల రమణి' అని ఏడిపించేవాళ్లు. సలహా అంటే పెద్దగా ఏమీ లేదు. మా ఛైర్మన్ దేవేంద్రప్ప దేన్ని మంచిదంటే దాన్ని నేనూ మంచిదని చెప్పాలి, అంతే. అయినా జీతం నెల తిరక్కముందే పడేది. ఈరేష్ మంత్రాలయం యాత్రికులను తిప్పుకునే ఆటోకు అప్పిచ్చింది కూడా ఆ సంఘమే, నా ముఖం చూసి. అందుకే నేను ఆ కార్డును ఇంటికొచ్చాక కూడా మేకుకు జాగ్రత్తగా తగిలించేదాన్ని.

దేవేంద్రప్ప పొద్దున్నే టేబుల్ మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టుకుని మాతో మీటింగు మొదలుపెట్టేవాడు. బొరుగులు మీసాలకు అంటుకుని ఉండగానే మాట్లాడేవాడు. చేతికంటిన నూనెను పక్కనున్న డిపాజిట్ ఫారాలకు తుడిచేవాడు. తర్వాత ఆ ఫారం మీదే ఏ ముసలామో భయంభయంగా వేలిముద్ర వేసేది. మొదట్లో నాకు అది చూస్తే నవ్వొచ్చేది. ఆ ఏడు నవ్వు రాలేదు.

సుగ్గి లారీలు దిగిన వారంలోనే ఆయన ఒక కొత్త ఆలోచన చెప్పాడు. ఈ జనం ఉగాదికి దుడ్లు వేసి, వాన పడగానే వచ్చి ఊడ్చుకుపోతున్నారని, ఈసారి అయిదేళ్లపాటు కదలకుండా కట్టేయాలని అన్నాడు. వడ్డీ కొంచెం పెంచితే వాళ్లే ఉంచుతారు కదా అన్నాను. నన్ను అయ్యో పాపం అన్నట్టు చూశాడు.

"వడ్డీ పెంచితే మనకేం మిగుల్తాదమ్మా? మన జనం సంతకానికి జంకరు. దేవునికి జంకుతారు" అని టేబుల్ కింది నుంచి ఒక ఇత్తడి పళ్లెం తీశాడు. కుంకుమ మధ్యలో పసుపు దారాల కట్ట. సోమవారం ఉరుకుంద పోయి ఈరన్నస్వామి పాదాల దగ్గర పెట్టించుకొచ్చాడట. డిపాజిట్ వేసిన ప్రతి ఒక్కరికీ దారం కట్టాలి, అయిదేళ్లు ముట్టనని స్వామి పేరున మాట తీసుకోవాలి. కట్టేది నేను. వాళ్ల మనిషిని గదా, పైగా ముత్తైదువను. మొదట కట్టించుకోవాల్సింది మా అత్త. స్వామి ఊరి పేరే పెట్టుకున్న మనిషి చెయ్యి చాపితే వెనక ఎవరూ ఆగరని ఆయన లెక్క.

దేవుని పేరు చెప్పడం నాకు కొంచెం ఎబ్బెట్టుగానే అనిపించింది. కానీ పొదుపు మంచిదే కదా అని సర్దుకున్నాను. దారం స్వామి దగ్గర నుంచి వచ్చిందని నేనూ నమ్మాను.

మా ఊరి బడి ముందర షామియానా వేశారు. వచ్చినవాళ్లందరికీ ఉగ్గాని పొట్లాలు పంచారు. మా అత్త తలంటుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. రవికె ముడిలోంచి సుగ్గి దుడ్ల మూట తీసి కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టింది. ఆ నోట్లకు ఇంకా మిరప ఘాటు ఉంది, లెక్కపెట్టిన క్యాషియర్ తుమ్మాడు. ఆమె వెనకే హనుమంతమ్మ నిలబడింది. మా పక్కింటామె, సుగ్గిలో మా అత్తకు తోడు. మొగుడు పోయాక ఒంటిచేత్తో మూడెకరాలు చేసుకుంటూ ఉంటుంది.

మధ్యలో అవసరం పడితే తీసుకోవచ్చా అని మా అత్త అడిగింది. తీసుకోవచ్చు, కొంచెం వడ్డీ తగ్గుతుంది, అంతే. సంఘం రూలు అది. నేను నోరు తెరిచేలోపే దేవేంద్రప్ప అందుకున్నాడు. స్వామికి మాటిచ్చాక మధ్యలో ఏమిటమ్మా అని రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూశాడు. మా అత్త లెంపలేసుకుంది. అంత పెద్ద అబద్ధం నా కళ్లముందే అంత భక్తిగా దొర్లుతుంటే నేను దారం ఆమె చేతికి చుట్టాను.

మూడో ముడి వేస్తుంటే మా అత్త నా వైపు వంగి మెల్లగా అంది. "గట్టిగ కట్టు రమణీ. గుర్తుపెట్టుకో, స్వామి పేరున కట్టింది కట్టిన చెయ్యే ఇప్పల్ల. ఇంగెవురు ముట్టుకున్యా దోషమే."

మా వైపు అది పాత కట్టుబాటు. మొక్కు దారం ఎవరు కడితే వాళ్లే విప్పాలి, అదీ స్వామిని అడిగిన తర్వాతే. పువ్వు అడగడం అంటాం. గుడిలో విగ్రహం మీద పువ్వులుంచి మనసులో అడిగి నిలబడితే, కుడిపక్క రాలితే సరేనన్నట్టు, ఎడమపక్క రాలితే కాదన్నట్టు. హనుమంతమ్మ చెయ్యి చాపింది. ఆమె వెనక వరస బడి గోడ దాటింది. సాయంత్రానికి నా వేళ్ల సందుల్లో పసుపు ముద్ద కట్టింది.

వాన ఆ ఏడు తొందరగా పడింది. ఏరువాక పున్నమికి ముందే విత్తడానికి సరిపడా రెండు మంచి పదునులు. ఊరంతా చేలల్లోకి దిగింది. విత్తనాల అంగళ్ల ముందు తోపులాట. మా ఇంట్లో మాత్రం విత్తే గొర్రు గోడకు ఆనించే ఉంది. విత్తనానికి దుడ్లు లేవు. ఉన్న దుడ్లు మా అత్త చేతికున్న దారం వెనక ఉన్నాయి. పదును ఆరిపోతే ఆ ఏడు చేను బీడే.

హనుమంతమ్మ సంఘానికి వచ్చింది. డిపాజిట్ తీసుకోవడానికి కాదు, అప్పుకు. దేవేంద్రప్ప ఆమెకు కుర్చీ వేయించాడు. మా సంఘంలో ఎవరి డిపాజిట్ మీద వాళ్లకే అప్పిచ్చే ఏర్పాటు ఉండేది. డిపాజిట్‌కు మేమిచ్చేది రూపాయి లోపు వడ్డీ, ఆ అప్పుకు మేం తీసుకునేది రెండు రూపాయలు. ఆ అప్పునే ఆమెకు సలహాగా చెప్పి సంతకం పెట్టించడం నా పని. ఆయన ఫోను రాగానే బయటికి పోయాడు. నేను హనుమంతమ్మ పక్కన కూర్చుని, ఆ అప్పు వద్దని, డిపాజిట్ తీసేసుకుంటే పోయేది కొంచెం వడ్డీ మాత్రమేనని, ఇది తన దుడ్లకే తాను వడ్డీ కట్టడమని అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె కొంగు లాగి దారాన్ని కప్పేసుకుంది.

"ఆ మాట అనగాకమ్మా. స్వామి ఇంటాడు" అంది.

వేలిముద్ర వేసి పోయింది. ఆ వారమంతా అట్లాగే వచ్చారు. కొంగు కింద దారం దాచుకుని, తమ దుడ్లను తామే అప్పుగా అడుక్కుని, దండం పెట్టి మరీ పోయారు. దేవేంద్రప్పకు ఆ వారం నోట్లో బజ్జీ ఆగలేదు. సొంతిల్లు కట్టుకున్నవాడే దానికి బాడుగ కడుతున్నట్టుందని క్యాషియర్‌తో అంటూ పడీపడీ నవ్వాడు. నాకు ఆ గదిలో అన్నం సయించడం మానేసింది. డబ్బా తెరిస్తే నూనె వాసన, పసుపు వాసన.

పక్క ఊళ్లో కూడా షామియానా వేద్దామని ఆయన అన్నరోజు, దారాలు అయిపోయాయని చెప్పాను. మళ్లీ ఉరుకుంద ఎప్పుడు పోతారని అడిగాను.

ఆయన నములుతూనే, "ఉరుకుంద యాలమ్మా? ఆదోని బజార్లో గాజులంగడి ఉండాది గదా, ఆడికి ఎవుర్నైనా పంపు. పోయినసారి కట్టలకు కట్టలు ఆడే తెస్తిమి" అన్నాడు.

స్వామి పాదాల దగ్గర పెట్టించారు కదా అన్నాను. స్వామి అంతటా ఉంటాడు, ఆదోనిలో ఉండడా అన్నాడు. సిగ్గుతో కాదు, దాపరికంతో కాదు, చెట్నీ ఇటు జరపమన్నంత మామూలుగా అన్నాడు. నేను బయటికొచ్చి కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. సబ్బు వేసి కడుక్కున్నాను. గోళ్ల సందుల్లో పసుపు పోలేదు. అంతవరకు మనుషులంటే కోపం వచ్చింది, విసుగు వచ్చింది గానీ, ఒక మనిషి అన్నం తినడం చూస్తే వాంతి వచ్చేంత అసహ్యం నాకు అదే మొదటిసారి.

ఇంటికి పోయి మా అత్తకు అంతా చెప్పేశాను. దారం అంగడిదని తెలిస్తే తెంపి పారేస్తుందని, మర్నాడే డిపాజిట్ తీసి విత్తనం తెచ్చుకుంటామని అనుకున్నాను. ఈరేష్ ముందుగా నన్నే కసిరాడు. ఆటో అప్పు సగం కూడా తీరలేదని, ఆ సారుతో పెట్టుకుంటే బండి ఎత్తుకుపోతారని, నోరు మూసుకుని మనమూ అందరిలాగే అప్పు తీసుకుందామని అన్నాడు. మా అత్త పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతూ ఉంది. రొట్టె తిప్పాక మాట్లాడింది.

"దారం యాడిదైతే ఏముండాదే? మాట నేను ఆ ఈరన్నకు ఇస్తిని, అంగడోనికి ఇయ్యలే గదా."

దేవేంద్రప్ప మా వాళ్లను నాకంటే బాగా చదివాడు. దారం దొంగదైనా మాట దొంగది కాదు, ఆ నిజాయితీనే వాడు రెండు రూపాయల వడ్డీకి తిప్పుకుంటున్నాడు. ఆ మాట పైకే అనేశాను. హనుమంతమ్మ అప్పు సంగతి, ఆ బాడుగింటి నవ్వు సంగతి కూడా చెప్పాను. మా అత్త రొట్టె చేతిలో పట్టుకుని, హనుమంతమ్మ తనను చూసే చెయ్యి చాపింది కదా అని ఒక్కసారి అడిగింది. అవునన్నాను. పెనం మీది రొట్టె మాడింది.

సోమవారం పొద్దున ఆమె కారం దంచుతుంటే నేను పనికి పోయాను. సంఘంలో జనం పల్చగా ఉన్నారు. దేవేంద్రప్ప తన గది వదిలి హాల్లోనే కూర్చుని టిఫిను తింటున్నాడు. పదకొండు ప్రాంతంలో మా అత్త లోపలికొచ్చింది. తల తడిగా ఉంది, నుదుటి మీద బండారు, అదే గుడి పసుపు. వెనక హనుమంతమ్మ. వాళ్ల వెనక ఊరి ఆడవాళ్లు, మెట్ల మీద, వాకిట్లో, రోడ్డు దాకా. దేవేంద్రప్ప ఏమ్మా ఉరుకుందమ్మా అని ప్రేమగా పిలిచి, ఉగ్గాని తెప్పించమంటావా అని అడిగాడు. ఆమె నేరుగా నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడింది.

"సారూ, నాకు నీతో పని లేదు. నా కోడలితో ఉండాది" అంది. తర్వాత అందరికీ వినపడేటట్టు చెప్పింది. "పొద్దున మన ఊరి ఈరన్న గుడికి పొయ్యి పువ్వడిగినా. నా ఒగదానికి కాదు, అందరికీ కలిపి అడిగినా. కుడిపక్క ఇచ్చినాడు. ఇప్పించుకోండి, సేండ్లు ఇత్తుకోండి అన్యాడు."

హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టయింది. పువ్వు కుడిపక్క రాలిందని ఉరుకుందమ్మ చెబితే కాదనే మనిషి మా ఊళ్లో లేడు. దేవేంద్రప్ప లేచాడు. తొందరపడి స్వామి కోపం తెచ్చుకోవద్దని, కావాలంటే వడ్డీ కొంచెం తగ్గిస్తానని, ఇప్పుడు క్యాషు లేదని, వరసగా ఏవేవో అన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరూ నా చేతుల వైపు చూస్తున్నారు. ఆయన నా వెనకకొచ్చి, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగాడు.

"ఈరేష్ ఆటో గుర్తుండాదా రమణీ?"

ఉంది. ఆటో గుర్తుంది, జీతం గుర్తుంది, మేకుకు తగిలించుకునే కార్డు గుర్తుంది. ఆయన నోట్లోంచి వెల్లుల్లి, పల్లీల పొడి వాసన నా చెంపకు తగిలింది. మా అత్త చెయ్యి టేబుల్ మీద పెట్టింది.

"కట్టిన చెయ్యే ఇప్పల్ల. ఇప్పు."

ముడి చెమటకు, నీళ్లకు బిగిసి రాయిలా ఉంది. గోళ్లకు రాలేదు. వంగి పళ్లతో పట్టి లాగాను. పొద్దున దంచిన కారం ఆమె మణికట్టుకు ఇంకా ఉంది, పెదాలు భగ్గుమన్నాయి. దారం ఊడింది. హనుమంతమ్మ చెయ్యి పెట్టింది. ఆమె వెనక ఇంకొకరు. నేను ముడులు విప్పుతూ, ఒక్కొక్కరి డిపాజిట్ మూసేస్తూ, తీసుకున్న అప్పు అందులోనే తీసేసి మిగిలింది ఇవ్వమని క్యాషియర్‌కు రాసిస్తూ పోయాను. వాకిట్లో అంతమంది ఉంటే ఇవ్వననే ధైర్యం దేవేంద్రప్పకు లేకపోయింది. ఉగ్గాని ప్లేటు మీద ఈగలు వాలాయి. సాయంత్రం ఆయనే నా మెడలోంచి కార్డు తీసుకున్నాడు.

మా చేను విత్తాం, పదును ఆరకముందే. హనుమంతమ్మ చేనూ మొలిచింది. ఆషాఢంలో సంఘంవాళ్లు వచ్చి ఆటో తోలుకుపోయారు. ఈరేష్ కొన్నాళ్లు నా మీద కసురుకుంటూ తిరిగాడు, తర్వాత పస్తులుండేవాళ్లకు కోపమెందుకని తనే దిగొచ్చాడు.

శ్రావణ సోమవారం అందరం ఉరుకుంద జాతరకు పోయాం. ఆ రోజు ఒక వింత చూశాను. మా అత్త ఏనాడూ గుడి గడప దగ్గర ఆగే మనిషి కాదు. ఆ రోజు మాత్రం బయట రాతి స్తంభం దగ్గరే నిలబడిపోయింది. ఒంట్లో బాగాలేదని, మమ్మల్ని పోయి రమ్మని చెప్పి, లోపల ఈ కొబ్బరికాయ కొట్టించుకు రమ్మంది. మేం వరసలో నిలబడి ఉండగా పక్కన ప్రత్యేక దర్శనం వరసలో దేవేంద్రప్ప పోయాడు. మెడలో దండ, భుజం మీద పట్టు కండువా. నన్ను చూసి తల ఊపాడు కూడా. ఊళ్లోకొచ్చాక కూడా మా అత్త మా ఈరన్న గుడిలోకి పోవడం మానేసింది. దారిలో నిలబడి దండం పెట్టుకుని వచ్చేసేది. ముసలితనం అనుకున్నాను.

పత్తి ధర లేక ఆ చలికాలం ముగ్గురం సుగ్గికి పోయాం. ఫైనాన్షియల్ అడ్వైజర్ రమణి గుంటూరు మిరపతోటలో కొంగు ముఖానికి చుట్టుకుని కాయలు కోసింది. ఒక మధ్యాహ్నం నేనూ మా అత్తా పక్కపక్క సాళ్లలో ఉన్నాం. వేళ్లు మండుతుంటే మాట మరిపించడానికి అడిగాను. ఆ పొద్దు పువ్వు అడిగితే వెంటనే రాలిందా, చాలాసేపు పట్టిందా అని.

"యా పువ్వు?" అంది, చెయ్యి ఆపకుండా. "పూజారి ఆ పొద్దు సేను ఇత్తేకి పొయ్యినాడు. గుడికి బీగం ఏసుండాది. వాకిట్లో బండారు పెట్టుకొని వస్తి."

నేను కోత ఆపేశాను. ఆమె ఆపలేదు. గంపలోకి కాయలు పడుతూనే ఉన్నాయి.

"మరి లోపలికి ఎందుకు పోవు అత్తా?" అన్నాను, తెలిసే.

"ఆయప్ప పేరు సెప్పి అబద్ధం ఆడిన నోరు ఇది. ఇది పెట్టుకొని ఆయప్ప ముందర యట్ల నిలబడాల? ఆ దోషం నా ఒగదానితోనే పోనీలే."

సాలు చివరిదాకా కోసుకుంటూ పోయింది. నేను గంప కింద పెట్టి, మిరప చేతులు కళ్లకు తగలకుండా మోచేతితో ముఖం తుడుచుకున్నాను. ఆ స్వామి ఊరి పేరు పెట్టుకున్న మా అత్త అప్పటినుంచి ఇప్పటిదాకా గుడి బయటే నిలబడుతోంది. దేవేంద్రప్ప ఏటా దండ వేసుకుని లోపలికి పోతూనే ఉన్నాడు.